తిమింగలం జాడ తెలిసిన సరంగులు

న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలోని కైకోరా వద్ద, ఒడ్డుకు చేరువలోనే కిలోమీటరుకు మించి లోతుకు దిగిపోయే సముద్రగర్భ లోయలో స్పెర్మ్ తిమింగలాలు మేత వెతుక్కుంటాయి. వాటిని యాత్రికులకు చూపించే పడవ సరంగుల నేర్పు కంటి కంటే ముందు చెవిలో కనిపిస్తుంది. ఇంజను ఆపి, నీటిలోని శబ్దాలను పట్టుకునే హైడ్రోఫోన్ అనే మైకును నీళ్లలోకి దించి, దాన్ని నెమ్మదిగా అన్ని దిక్కులకూ తిప్పుతూ, ఎర జాడ కోసం తిమింగలం చేసే టిక్కుటిక్కుమనే చప్పుడు ఏ వైపు నుంచి గట్టిగా వస్తోందో వారు గుర్తిస్తారు. ఆ చప్పుడు ఆగిందంటే సాధారణంగా అది పైకి వస్తున్నట్టే లెక్క. ముప్పావు గంటో, అంతకన్నా ఎక్కువో అడుగున గడిపిన ఆ ప్రాణి ఊపిరి కోసం పైన ఉండేది దాదాపు 10 నిమిషాలే కనుక, అది తేలే చోటును ముందే అంచనా కట్టడంలోనే పనితనమంతా ఉంది. దాని ముక్కురంధ్రం తలకు ఎడమవైపున ఉండడం వల్ల ఊపిరి తుంపర నిటారుగా లేవక ముందుకు, ఎడమకు వాలుతుంది. ఆ వాలును చూసి అది ఎటు తిరిగి ఉందో దూరం నుంచే చెప్పగల చూపు మెచ్చదగినది. అంతకన్నా మెచ్చదగినది వారి నిగ్రహం: 300 మీటర్ల లోపలికి రాగానే వేగం తగ్గించి, వెనుక నుంచి కాస్త పక్కగా చేరి, చట్టం గీసిన 50 మీటర్ల హద్దు దాటకుండా ఆగుతారు. మళ్లీ మునగబోయే తిమింగలం వీపు వంపు తిరగగానే వారు హెచ్చరించడం వల్లనే, లేచిన తోకను పడవలోని పిల్లలు సైతం నిండుగా చూడగలుగుతారు. ఆ తోక అంచులోని గాట్లను బట్టి అది ఏ తిమింగలమో కూడా అప్పటికప్పుడే తెలుసుకుంటారు.