రంగస్థలము తీర్చిన పాటల కవి

పాట వ్రాయు విద్యను గూర్చి ఎవరు ప్రశ్నించినను నాకు మొదట స్ఫురించు పేరు చందాల కేశవదాసు గారిది. తొలి తెలుగు టాకీకి పాటలు కూర్చిన కవిగా ఆయనను చలనచిత్ర చరిత్రకారులు స్మరింతురు, అది న్యాయమే. కాని 1932లో విడుదలయిన ‘భక్త ప్రహ్లాద’కు కలము పట్టునాటికి ఆయన ఏబదియైదేండ్ల వయస్సు గల, హరికథా వేదికలమీదను నాటకరంగముమీదను ఆరితేరిన కవి యన్న సంగతిని మనము తఱచుగా మఱచుచున్నాము. సినిమా ఆయనకు కీర్తి నిచ్చినది. ఆయనను పాటల కవిగా తీర్చినది మాత్రము రంగస్థలమే.

1876లో ఖమ్మము సీమలోని జక్కేపల్లియందు జన్మించిన కేశవదాసు గారు హరికథలు చెప్పిరి, అవధానములు చేసిరి, ‘కనకతార’ వంటి నాటకములు వ్రాసిరి, మైలవరము నాటక సమాజమునకు పాటలు కూర్చిరి. ఆనాటి నాటకకవికి కోరిన వరుసను ఎన్నుకొను స్వేచ్ఛ తక్కువ. జనమునకు అప్పటికే చెవి కెక్కిన పార్సీ, హిందూస్థానీ మట్టులలో తన మాటలను ఇముడ్చుకొనవలసి యుండెను. మైకులు లేని ఆ దినములలో, హార్మోనియము శ్రుతిని మించి, చివరి వరుసలో కూర్చున్న శ్రోతవఱకు నటుని గొంతు చేరవలెను గనుక, రాగము సాగు తావున దీర్ఘాక్షరము నిలుపుటయు, స్వరము పైకెగయు తావున కఠిన సంయుక్తాక్షరములను పరిహరించుటయు కవి బాధ్యతలే యయ్యెను. నేపథ్యగానము రాని తొలి టాకీలలో నటులే కెమెరా యెదుట స్వయముగా పాడవలసి వచ్చినప్పుడు, ఊపిరి కొలత తెలిసిన ఈ విద్యయే అక్కరకు వచ్చినది.

అయినను ఉచ్చారణ సౌలభ్యము ఈ విద్యకు తొలిమెట్టు మాత్రమే. ముత్తరాజు సుబ్బారావు గారి ‘శ్రీకృష్ణ తులాభారము’లో, సత్యభామ వ్రతదానముగా ఇచ్చిన కృష్ణుని నారదుడు విక్రయమునకు పెట్టు ఘట్టమునకు కేశవదాసు గారు వ్రాసిన పాటను తలచుకొనుడు. జగత్ప్రభువును అంగడి సరకుగా చాటుచుండగా ప్రేక్షకులు నవ్వుదురు. అదే చాటింపు సత్యభామ హృదయమును దహించును. భక్తి గలవానికి భగవంతుడు సులభుడన్న తత్త్వము ఆ బేరపు మాటలలోనే అంతర్లీనమై, నగలన్నియు తూగలేని తక్కెడను రుక్మిణి యుంచిన తులసీదళము తూచబోవు కథాంతమును ముందుగానే సూచించును. హాస్యము, వేదన, భక్తి అను మూడింటిని ఏకకాలమున మోయుచు కథను ముందుకు నడిపిన ఆ పాటను ఆ ఘట్టమునుండి తీసివేసినచో, మిగిలిన సంభాషణ ఎంత చతురముగా నున్నను దృశ్యము నిలువదు.

నాటకమునకు పాట వ్రాయ కూర్చున్నప్పుడెల్ల నన్ను నేనొక ప్రశ్న వేసికొందును: పాట ముగియునప్పటికి ఈ పాత్ర స్థితిలో కలిగిన మార్పేమి? దానికి సమాధానము దొరకని పాట ఎంత మధురమైనను దానిని పక్కన పెట్టుదును. ఈ నియమమును నాకు ఏ లక్షణగ్రంథమును బోధింపలేదు. తులాభారములోని ఆ ఘట్టమే బోధించినది.

ఆ నాటకములోనే సత్యభామ పాత్రధారియైన స్థానం నరసింహారావు గారు తన పాత్రకై తానే వ్రాసికొన్న పాట యొకటి ప్రఖ్యాతమైనది. నాటకకర్త యొకరు, పాటల కవి యొకరు, నటుడే కవియైన సందర్భ మింకొకటి! ఇందఱి కృషి ఏకమై ప్రదర్శనగా నిలుచు రంగస్థలమున పాట సర్వజనుల సొత్తగును. కర్త నామము క్రమముగా మఱుగుపడును. కేశవదాసు గారు 1956లో దివంగతులైన పదేండ్లకు, 1966 నాటి ‘శ్రీకృష్ణ తులాభారం’ చిత్రమున వారి ఆ బేరపు పాట మరల వినిపించి, ఆ కవిని ఎఱుగని తరమునకు సైతము కంఠస్థమైనది. పాట కంతకు మించిన భాగ్యము లేదు. కాని కవికి అది చాలునని మనము సరిపుచ్చుకొనుట ధర్మము కాదు. పద్యనాటక ప్రదర్శనలకు ముందు పాత్రధారుల పేర్లను ఘనముగా ప్రకటించు నిర్వాహకులు పాటల కవుల పేర్లను సైతము ప్రకటింపవలెనని నా విన్నపము.

నేటి యువకవులకు సినిమాయే గమ్యమగుటలో తప్పులేదు. అయితే ఆ గమ్యమును చేరుటకు ముందొక నాటక సమాజమునకు పాటలు వ్రాసి, ప్రదర్శననాడు ప్రేక్షకుల నడుమ కూర్చుండి, తమ పదము ఏ చోట వారిని కదలించినదో, ఏ చోట వృథా యయ్యెనో కన్నులారా చూడవలెను. పాటల కవికి అంతకన్న నిష్పక్షపాతియైన గురువు లేడని నా దృఢ విశ్వాసము.