గిన్నెలో నిలవ

మన కర్నూలు, కడపల్లో బండికి తుప్పు పట్టదని అందరికీ ఒక ధీమా. వానలు తక్కువ, గాలి పొడి. పైపైన చూస్తే నిజమే. కానీ ఏళ్ల తరబడి వసారాలో నిలిపిన ఆర్‌ఎక్స్ 100 బండి కార్బురేటర్ విప్పి చూడండి. ఫ్లోట్ గిన్నె అడుగున గోధుమరంగు బంక, గోడలకు తెల్లటి పొడి, ఇత్తడి జెట్లకు పచ్చటి చిలుము.

తప్పు వానది కాదు, నిలవది. నలభై డిగ్రీలు దాటే ఎండలకు పెట్రోలు ఆవిరైపోయి బంక మిగులుతుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలే. అది తేమను పీలుస్తుంది. ఆ నీరు అడుగుకు దిగి జింకు కలిసిన బాడీని తినేస్తుంది. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన బండికి ఈ పెట్రోలు సంగతి ఏం తెలుసు?

ఆదివారాలు నాకు ఈ మరమ్మతే కాలక్షేపం. ఎయిర్ స్క్రూ విప్పేముందు మెల్లగా లోపలికి తిప్పి, ఎన్ని చుట్లకు ఆగిందో రాసుకుంటాను. రబ్బరు, ప్లాస్టిక్ ముక్కలు పక్కన పెట్టి మిగతావి క్లీనర్‌లో నానబెడతాను. ఇత్తడి అనగానే మనకు చింతపండు గుర్తొస్తుంది. జెట్ల వరకైతే సరే, బాడీని పులుసులో వేశారా, పులుపు జింకును కొరికేస్తుంది.

అసలు పరీక్ష పైలట్ జెట్‌తోనే. దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. వెలుగుకెదురుగా పట్టి చూస్తే నిండు చుక్క కనబడాలి. నెలవంకలా కనబడితే బంక ఇంకా ఉన్నట్టే. పిన్నీసుతో పొడిస్తే రంధ్రం పెద్దదై ప్లగ్గు నల్లబడుతుంది. కరెంటు వైరులోని సన్నటి రాగి పోగు చాలు, ఆపైన పంక్చర్ షాపులో గాలి కొట్టించడమే.

అన్నీ బాగుపడవు. ఫిల్టరు లేకుండా తిప్పిన బండిలో మన దుమ్ము స్లైడును అరగదీసేసి ఉంటుంది. దాన్ని ఎంత కడిగినా ఐడిల్ నిలవదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బండ్లన్నీ దాదాపు ఇంజెక్షన్‌వే. కార్బురేటర్ పట్టే చేతులు తగ్గుతున్నాయి.

కడప నుంచి కువైట్ వెళ్లేవాళ్లు బండికి పట్టా కప్పి, తాళం అమ్మ చేతికిచ్చి పోతారు. పట్టా సంగతి తర్వాత. ముందు పెట్రోలు కొళాయి కట్టేసి, ఇంజను తనంతట తాను ఆగేదాకా నడవనివ్వండి. గిన్నె ఖాళీ అవుతుంది. అందరూ ఇలా చేస్తే నాకు ఆదివారం పని ఉండదు. లేకపోతేనే మంచిది.