పల్నాటి వీరచరిత్రలో మలిదేవరాజు స్థానం

పల్నాటి వీరచరిత్రపై వచ్చిన విమర్శ అధికభాగం బ్రహ్మనాయుడు, నాగమ్మల చుట్టూ తిరిగింది. కథను శైవ వైష్ణవ ఘర్షణగానో, మంత్రుల పంతంగానో చదివినవారికి మాచర్ల పాలకుడు మలిదేవరాజు దాదాపు కనిపించడు. 1182 ప్రాంతంలో జరిగిందని చరిత్రకారులు భావించే కారెంపూడి యుద్ధం మాత్రం ఆయన రాజ్యభాగం కోసమే.

అనుగురాజు అనంతరం నలగామరాజు గురజాలను ఏలగా, సవతి తమ్ముడైన మలిదేవుడు మాచర్ల రాజధానిగా వేరుపడ్డాడు. కోడిపోరులో ఓడి, పందెం ప్రకారం ఏడేండ్లు రాజ్యం విడిచాడు. గడువు తీరిన పిమ్మట రాయబారిగా గురజాల వెళ్లిన అలరాజు చర్లగుడిపాడులో విషప్రయోగానికి బలయ్యాడు. అలరాజు స్వయంగా నలగాముని అల్లుడు. ఈ ఘట్టాలలో కథను కదిలించేది మలిదేవుడు కాదు. పందెంలో కోడిని దింపినది బ్రహ్మనాయుడు, రణంలో ముందుకు దూకినది బాలచంద్రుడు.

దీనిని కావ్యలోపంగా భావించనక్కరలేదు. 1911లో అక్కిరాజు ఉమాకాంతం ప్రకటించిన ద్విపద శ్రీనాథుని పేర ప్రసిద్ధం. కర్తృత్వంపై భిన్నాభిప్రాయాలున్నాయి. దానిని అంగీకరిస్తే, కొండవీటి రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారిగా రాజస్తుతి మర్మమెరిగిన కవి ఇక్కడ రాజును వదలి ఒక బాలవీరుని ఎన్నుకొన్నాడనాలి. ఆ ఎంపిక యాదృచ్ఛికం కాజాలదు.

మాచర్ల పక్షాన్ని కలిపి ఉంచినది రాజభక్తి కంటె చాపకూడు. మాల కులస్థుడైన కన్నమదాసు అక్కడ సేనానాయకుడు. బాలచంద్రుని 'తమ్ముళ్లు' వేర్వేరు కులాలవారు. అయితే ఈ సమత్వం నిష్కళంకమైనదనడం తొందరపాటు. బ్రహ్మహత్యాదోషం అంటుతుందని బాలచంద్రుడు బ్రాహ్మణుడైన అనపోతును ఉపాయంతో యుద్ధానికి దూరం చేస్తాడు. అది తెలిసిన అనపోతు ప్రాణత్యాగం చేస్తాడు. ఒకే చాపపై భుజించినవారి మధ్య కూడా వర్ణభేదం చెరగలేదని కథ దాచకుండా చెబుతుంది. వీరగాథను కేవలం సంస్కరణ గ్రంథంగా చదివేవారు ఈ ఘట్టాన్ని తేలికగా దాటిపోతారు.

ముగింపు మరింత ఆలోచింపజేస్తుంది. ఇంత రక్తపాతం తరువాత బ్రహ్మనాయుడు నలగామునికే రాజ్యం అప్పగించి గుత్తికొండ బిలంలో ప్రవేశిస్తాడు. ప్రతిఘటించిన పక్షపు రాజుకు సింహాసనం దక్కలేదు. చరిత్రలోనూ ఈ యుద్ధంతో వెలనాటి చోడుల బలం సన్నగిల్లి, కాకతీయుల విస్తరణకు దారి సులువైంది. గెలిచిన గురజాలకూ మిగిలినది అల్పమే.

కారెంపూడిలో కార్తికమాసాన జరిగే వీరుల ఉత్సవాలలో రాయబారానికి, మందపోరుకు, కోడిపోరుకు ఒక్కొక్క రోజు కేటాయించారు. వీరుల ఆయుధాలకు పూజ జరుగుతుంది. మలిదేవుని పేర ఏ రోజూ లేదు.