పొడి జత

వానకాలంలో పడమటి కనుమల వెంబడి నెలో నెలన్నరో ఒంటరిగా తిరగాలనుకునేవాడు మక్తల్‌లో పుట్టి ఉండకూడదు. తడి సంగతి మనకు తెలియదు. ఏడాదికి ఆరు వందల మిల్లీమీటర్లు పడితే ఈసారి కాలమైందని సంబరపడతాం. పొద్దున ఉతికి దండెం మీద వేసిన లుంగీ, బస్టాండు దాకా పోయి చాయ్ తాగి వచ్చేసరికి ఆరిపోయి ఉంటుంది. కర్ణాటకలో ఆగుంబె అని ఒక ఊరుంది. అక్కడ సగటు వాన ఏడు వేల మిల్లీమీటర్లు దాటుతుంది. మనకు పది పన్నెండేళ్లు పడే వాన ఆ ఊరి మీద ఒక్క ఏడాదిలో కురుస్తుంది, అందులోనూ ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. జులైలో అక్కడ ఉతికిన చొక్కా మూడో రోజుకూ ఆరదు. వాసన పడుతుంది. ఇంకో రెండు రోజులు వదిలేస్తే కాలరు మీద బూజు చుక్కలు.

అందుకని ఆ దిక్కు పోయే సంచి సర్దేటప్పుడు మనకున్న తెలివిలో సగం పక్కన పెట్టాలి. నూలు బట్ట మంచిదని చిన్నప్పటి నుంచి విన్నాం. ఇక్కడికి నిజమే. చెమట పీల్చుకుని, గాలికి ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. గాలిలోనే నీరు నిండి ఉన్న చోట ఆ ఆరడం జరగదు. పీల్చుకున్నది పీల్చుకున్నట్టే ఉండి, బరువెక్కి, తొడల మధ్య, చంకల్లో, సంచి పట్టీల కింద ఒరుసుకుని తోలు లేపుతుంది. ఆ తరువాత వచ్చేది తామర. జీన్స్ ప్యాంటు మాట ఎత్తకండి. అక్కడ పాలిస్టరే దేవుడు. మా బడి సార్లు ఎనభైల్లో తొడుక్కున్న టెరికాట్ చొక్కాలను చూసి తరువాత మనం నవ్వుకున్నాం గానీ, వాటిలో నీళ్లు నిలవవు. ఇప్పుడు ఆటసామాన్ల దుకాణాల్లో అమ్మే పల్చటి టీషర్టులు ఆ జాతివే. నూలులో నేను మినహాయించేది రెండే, పల్చటి లుంగీ, పల్చటి తువ్వాల. లుంగీ పక్క మీద పరుచుకోవచ్చు, కప్పుకోవచ్చు, స్నానానికి చాటు కట్టుకోవచ్చు, చెయ్యి బెణికితే మెడకు జోలెగా వేసుకోవచ్చు. టర్కీ టవల్ ఎంత మెత్తగా ఉన్నా ఇంట్లోనే ఉండాలి.

మా వాడకట్టులో ఒక పెద్దమ్మ ఉంది. వయసులో ఉన్నప్పుడు ఏటా బొంబాయి, పుణె పనులకు పోయినామె. సామాను ముందు పోసుకుని కూర్చున్న నన్ను చూసి అరుగు దగ్గర ఆగింది.

“ఏం కొడుకా, రెండు అంగీలేనా? నెల దినాలు పోతున్నవంట?”

“మూడైతే బరువు పెద్దమ్మా.”

“అవి ఆరొద్దా మరి? బొంబాయి వాన నీకెరుకనా? మేము ఒంటి మీదనే ఆరబెట్టుకునేటోళ్లం. ఒక్క చీర మాత్రం ముట్టకపోతుంటిమి. పండేటప్పుడు కట్టేది. అది గిట్ల తడిసిందా, ఇగ జ్వరమే.”

బ్రిటిష్ సైనికులకు బ్రూనై అడవుల్లో ఇచ్చే శిక్షణలోనూ మొదట నేర్పేది ఈ పద్ధతే. పగటికి ఒక జత, రాత్రికి ఒక జత. పగటిది తడుస్తుంది, తడవనీయాలి. సాయంత్రం బస దొరికాక దాన్ని విప్పి, పిండి, ఒళ్లు తుడుచుకుని, కాలివేళ్ల సందుల్లో పౌడరు చల్లుకుని పొడి జత తొడుక్కోవాలి. కష్టమంతా తెల్లవారి ఉంది. లేవగానే ఆ పొడి జత మళ్లీ కవరులోకి పోవాలి, నిన్నటి తడి చొక్కా మళ్లీ ఒంటి మీదికి రావాలి. చల్లటి పాలిస్టరు వీపుకు అంటుకున్నప్పుడు ప్రాణం జివ్వుమంటుంది. చేతులు పైకెత్తడానికి మనసొప్పదు. పది నిమిషాలు నడిస్తే ఒంటి వేడికి అదే సర్దుకుంటుంది. ఆ పది నిమిషాలకు బద్ధకించి పొడి జతతో బయలుదేరినవాడికి ఆ రాత్రికి రెండు జతలూ తడివే. మూడో జత మోసినా జరిగేది ఇదే, ఒక రోజు ఆలస్యంగా.

అయితే పెద్దమ్మ మూట వేరు, నా సంచి వేరు. ఆమె గుంపుతో పోయింది. మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని పది ఇండ్లవాళ్లు ఒక్కసారే కదిలేవాళ్లు. ఒకరి దగ్గర స్టవ్వు, ఒకరి దగ్గర రొట్టెల పెంక, ఇంకొకరి దగ్గర బిందె. కృష్ణా స్టేషన్‌లోనో రాయచూర్‌లోనో రైలెక్కేటప్పుడు ఆ యూరియా సంచులు, చుట్టిన బొంతలు చూస్తే ఊరు ఊరంతా లేచిపోతున్నట్టుండేది. విప్పి లెక్క తీస్తే ఏ వస్తువూ అక్కరకు మించి ఉండేది కాదు. పాలమూరు లేబరు కట్టిన ఆనకట్టల గురించి అందరూ చెబుతారు. వాళ్లు మూట కట్టే నేర్పు గురించి ఎవరూ రాయలేదు, రాయాల్సింది.

ఒంటరివాడికి పెంక బదులిచ్చే పొరుగు ఉండదు. అన్నీ తానే మోయాలి, లేదా లేకుండా గడుపుకోవాలి. గడుపుకోవడమే మేలని నా తీర్పు. కనుమల్లో దారి పొడుగునా ఊళ్లున్నాయి, భోజనం హోటళ్లున్నాయి, ఇంట్లో గది ఇచ్చేవాళ్లున్నారు. అటవీశాఖ అనుమతి లేకుండా అడవిలో గుడారం వేయడం కుదరదు, వానల్లో కొన్ని దారులైతే వాళ్లే మూసేస్తారు. కనుక స్టవ్వు, గిన్నెలు, గుడారం ముగ్గురినీ ఇంట్లో దింపేయండి.

సంచి ఎంత ఉండాలన్నది ఒంటరివాడికి ఇంకో లెక్క ప్రకారం తేలుతుంది. జతగాడుంటే “జర చూస్తుండు” అని బస్టాండు బెంచీ మీద సంచి వదిలి మరుగుదొడ్డికి పోవచ్చు. ఒక్కడే అయితే సంచి కూడా లోపలికి రావాలి. మన బస్టాండ్ల మరుగుదొడ్లు ఎంతుంటాయో, వాటిలో తలుపు వెనుక కొక్కెం ఎంత గట్టిగా ఉంటుందో మీకు తెలుసు. ఆ కొక్కేనికి తగిలించలేని సంచి ఒంటరి ప్రయాణానికి పనికిరాదు. దుకాణంవాళ్లు అరవై లీటర్లది, డెబ్బై లీటర్లది చూపిస్తారు. నలభై లీటర్లు దాటొద్దు. నీళ్లు కాకుండా ఎనిమిది కిలోల లోపు తేలితే మోకాళ్లకు మంచిది, ఏడు కిలోలైతే విమానంలో మనతోపాటే పైకెక్కుతుంది.

ఏనుగుల వీరాస్వామయ్యకు ఈ బాధ లేదు. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి, మన కొల్లాపురం, వనపర్తి, జడచర్ల మీదుగా హైదరాబాద్ చేరి, అటునుంచి కాశీ పోయి, 1831 సెప్టెంబరు 3న మద్రాసు తిరిగొచ్చాడు. పల్లకీ, బోయీలు, పరివారం అంతా కలిసి దాదాపు వంద మంది. దారిలో ఏ ఊళ్లో ఏం దొరుకుతుందో, ఏం దొరకదో ఓపికగా రాసిపెట్టిన మనిషి ఆయన. ‘కాశీయాత్ర చరిత్ర’ ఇప్పటికీ చదవదగ్గదే. కాకపోతే ఆయన సామాను బరువు బోయీల భుజాలకు తెలుసు, ఆయనకు తెలియదు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బొమ్మలు వేయడం నేర్పిన ఆచార్య మాచవరపు ఆదినారాయణ కాలినడకన దేశం తిరిగి ‘భ్రమణకాంక్ష’ రాశారు. సంచి సర్దేవాడికి ఆ పుస్తకం ఎక్కువ దగ్గర.

నింపడంలో ఒక పద్ధతుంది. సంచి మీద తొడిగే వాన తొడుగును నమ్మకండి. వాన వీపు వెంట కారి, పట్టీల సందుల నుంచి లోపలికి దిగుతుంది. సంచి లోపల మందమైన ప్లాస్టిక్ కవరు ఒకటి దింపి, సామానంతా అందులో పెట్టి, మూతి మెలితిప్పి మడిచి కట్టాలి. ఎరువుల సంచిని కడిగి, ఎండబెట్టి, లోపల కవరు వేసి బట్టలు తీసుకుపోయే మన వలసజనం చేసేదీ ఇదే. ఖరీదైన జలనిరోధక సంచులకన్నా ఈ కవరు నయం, చిరిగితే ఏ ఊరి కిరాణంలోనైనా ఇంకొకటి దొరుకుతుంది. పొడి జత అన్నిటికన్నా కింద, దానికి మళ్లీ వేరే కవరు. బరువైనవి నడిమిలో, వీపుకు ఆనేటట్టు. బరువు వీపుకు దూరంగా పోయినకొద్దీ భుజాలను వెనక్కి గుంజుతుంది. నడుం పట్టీ బిగిస్తే బరువులో ఎక్కువ పాలు తుంటి ఎముకల మీదికి దిగుతుంది. ఆ పట్టీని ముందర వేలాడేసుకుని నడిచేవాళ్లను చూస్తే నాకు జాలి. ఓఆర్‌ఎస్, గొడుగు, టార్చి పైన చేతికందాలి.

గొడుగు అన్నాను. రెయిన్‌కోటు వద్దా అంటారు. చలిదేశాల్లో అది సరే. ఉక్కలో రెయిన్‌కోటు వేసుకుని ఎక్కితే బయట వానతో, లోపల చెమటతో ఒకేలా తడుస్తాం. మలెనాడులో వరినాట్లేసే ఆడవాళ్లు ఆకులతో అల్లిన గొరబె కప్పుకుంటారు. తల నుంచి నడుము దాకా వీపును కాస్తుంది, ముందు నుంచి గాలి ఆడుతుంది, రెండు చేతులూ ఖాళీ. అంతకన్నా తెలివైనది ఏ కంపెనీ చేయలేదు గానీ, బస్సులో పట్టదు. మనకు గొడుగే గతి.

తిండి దగ్గర మక్తల్‌వాడికి ఒక భ్రమ ఉంటుంది, కడక్ జొన్నరొట్టె ఎక్కడైనా నిలుస్తుందని. ఇక్కడ డబ్బాలో వారాలకు వారాలు పెళపెళలాడుతుంది. ఘాట్ ఎక్కిన మూడో పొద్దుకు గాలిలోని చెమ్మ పట్టి మెత్తబడుతుంది. ఆ తరువాత బూజు ఖాయం. మొదటి రెండు రోజులకు సరిపడా కట్టుకోండి, చాలు. పల్లీల కారం, నూనె తేలే పుంటికూర తొక్కు మాత్రం ఎన్నాళ్లయినా తోడొస్తాయి. కేరళ ఉప్పుడుబియ్యపు అన్నంలోకి పల్లీల కారం కలుపుకుని తింటుంటే హోటలాయన వింతగా చూస్తాడు, చూడనీయండి.

మందుల్లో తప్పనిసరివి కొన్నే. ఒక లీటరు నీళ్లకు ఒకటి చొప్పున కలిపే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ముందు. పొడిగాలిలో చెమట కనబడకుండా పోతుంది, అక్కడ ధారగా కారుతుంది, నీళ్లు తాగి ఉప్పు మరిచిపోతాం. జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే. డెంగీ ఉన్న ప్రాంతాల్లో బ్రూఫెన్, ఆస్పిరిన్ జోలికి పోవద్దు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. డెంగీ దోమ పగటిపూట కుడుతుంది కాబట్టి ఓడోమస్ రాత్రికి దాచిపెట్టుకోకండి. ఒరుసుకున్న చోటికి కొబ్బరినూనె చాలు. జలగలకు పొగాకు నానబెట్టిన నీళ్లు మేజోళ్లకు పట్టిస్తారు. అంటుకున్నదాన్ని గుంజి పారేయకుండా గోటితో నోటి దగ్గర మెల్లగా జరిపితే వదులుతుంది.

తోలు బూట్లు వద్దు. తడిస్తే ఆరవు, ఆరితే బిగుస్తాయి. మలేసియా రబ్బరు తోటల కూలీలు నల్ల రబ్బరు బూట్లు వేసుకుంటారు. అవి ఎంత చవకో అంత పట్టు, వాటికి అక్కడివాళ్లు సరదాగా అడిడాస్ కంపుంగ్ అని పేరు పెట్టుకున్నారు. మన దగ్గర పట్టీలున్న ప్లాస్టిక్ చెప్పులు ఆ పని చేస్తాయి. బూట్లే కావాలంటే గుడ్డవి తీసుకుని, రాత్రి వాటిలో పాత పేపరు ఉండలు చేసి కుక్కండి. తెల్లవారేసరికి సగం నీరు పీలుస్తుంది. ఈ కాలమ్ అచ్చయిన పేజీ అందుకు భేషుగ్గా పనికొస్తుంది.

గొంగడి సంగతి అడుగుతారని తెలుసు. చింతగింజల గంజి పట్టించిన నల్ల గొంగడి కొప్పెర పెట్టుకుని మన కురుమలు మందల వెంట నెలల తరబడి తిరుగుతారు. వానకు గొడుగు, చలికి దుప్పటి, పండుకోవడానికి పరుపు అదే. దానిమీద నాకు గౌరవం ఉంది. కానీ అది మన జల్లుకు అల్లినది, అక్కడి ముసురుకు కాదు. రోజుల తరబడి తడిస్తే ఆరదు, మోయలేం. ఇంట్లోనే ఉండనీయండి.

వీటన్నిటికన్నా పనికొచ్చేది, బరువే లేనిది మనకు ఊరికే వచ్చింది. రాయచూర్ పక్కన పుట్టినందుకు కన్నడం, ఉర్దూ మనకు బజారులోనే అబ్బాయి. రాత్రి ఏడింటికి వానలో తడుస్తూ ఒక కన్నడ పల్లెలో గుమ్మం ముందు నిలబడి, “ఇవత్తు ఇల్లి ఇరబహుదా అమ్మా” అని అడగగలిగినవాడికి గుడారం ఎందుకు? కేరళలోకి దాటాక ఆ సుఖం లేదు, నాలుగు మలయాళం మాటలు కాగితం మీద రాసుకుని, ఆ కాగితాన్నీ కవరులోనే పెట్టుకోండి.

రాయచూర్‌కు ఇప్పుడు మన మీదుగానే రైలు పోతుంది. జక్లేరు నుంచి కృష్ణా దాకా 37 కిలోమీటర్ల కొత్త లైను 2023 అక్టోబరు 1న మొదలైంది, కనుక బయలుదేరడం తేలికే. టికెట్ కొనేముందు ఒక పని చేయండి. సంచి పూర్తిగా నింపి వడ్ల వ్యాపారి కాంటా మీద పెట్టండి. ఎనిమిది దాటితే అక్కడే విప్పి తీసేయండి. తరువాత భుజానికెత్తుకుని సంగంబండ దాకా పోయి రండి. ఇంటికొచ్చాక దానిమీద నాలుగు బకెట్ల నీళ్లు గుమ్మరించి, గంట ఆగి తెరవండి. పొడి జత తడిసి ఉంటే టికెట్ అప్పుడే కొనకండి.