ఆశ్రయం ఇచ్చేదెవరు?

చరిత్రలో ఒక ముడి విప్పి, ఇంకోలా వేసి కథ నడిపించే రచనలను ప్రత్యామ్నాయ చరిత్ర అంటున్నాం. గద్దె దిగిన రాజకుటుంబం విప్లవాన్ని తప్పించుకుని పరాయి దేశం చేరడం ఈ రచయితలకు మహా ఇష్టమైన వస్తువు. అందులోనూ రష్యా రొమనోవ్‌లదే పెద్దపీట. 1918 జూలై 16 అర్ధరాత్రి దాటాక యెకతెరిన్‌బర్గ్‌లో, ఇపాతియెవ్ ఇంటి నేలమాళిగలో, జార్ రెండో నికొలాస్‌నీ భార్యనీ అయిదుగురు పిల్లలనీ, వైద్యుడితో సహా వెంట ఉన్న నలుగురినీ కాల్చి చంపారు. కథల్లో మాత్రం ఆ రాత్రికి ముందే ఎవరో గుర్రాల మీద దిగుతారు, ఒక కాపలావాడి మనసు కరుగుతుంది, ఒక రాకుమారి అడవి దారిన బయటపడుతుంది. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ విప్పాల్సిన ముడి అక్కడ లేదని నా వాదన. అది పదిహేను నెలల ముందు, లండన్‌లో, కాగితాల మీద పడింది.

1917 మార్చి 15న నికొలాస్ గద్దె దిగాడు. తాత్కాలిక ప్రభుత్వపు విదేశాంగ మంత్రి మిల్యుకోవ్ బ్రిటిష్ రాయబారి బుకానన్ ద్వారా ఆశ్రయం అడిగించాడు. మార్చి 22న లాయడ్ జార్జ్ ప్రభుత్వం సరేనంది: యుద్ధం ముగిసేదాకా ఉండొచ్చు, ఖర్చుల సంగతి రష్యావాళ్లే చూసుకోవాలి. అప్పటికి తలుపు తెరిచే ఉంది. మూసింది ఎవరో పరాయివాడు కాదు. నికొలాస్, బ్రిటిష్ రాజు అయిదో జార్జ్ అక్కచెల్లెళ్ల బిడ్డలు. ఇద్దరి తల్లులూ డెన్మార్క్ ఆడపడుచులే. పక్కపక్కన నిలబడి దిగిన ఫొటోల్లో ఎవరెవరో పోల్చుకోవడం కష్టం. అయినా మార్చి 30న, మళ్లీ ఏప్రిల్ 6న, రాజు తరఫున ఆయన కార్యదర్శి స్టాంఫర్డమ్ విదేశాంగ మంత్రి బాల్ఫోర్‌కు రాశాడు, ఈ ఆహ్వానం వద్దని. రాజుగారి భయానికి కారణాలు లేకపోలేదు. మార్చి 31న లండన్ ఆల్బర్ట్ హాలు రష్యా విప్లవానికి జేజేలు కొట్టే జనంతో నిండిపోయింది. జార్ భార్య అలెగ్జాండ్రా పుట్టిల్లు జర్మనీ, జరుగుతున్నది జర్మనీతో యుద్ధం. ఫ్రాన్స్‌కు పంపుదామా అంటే పారిస్‌లోని బ్రిటిష్ రాయబారి బెర్టీ కూడా అడ్డం తిరిగాడు. ఆహ్వానం చడీచప్పుడూ లేకుండా అటకెక్కింది. జూలైలో జార్జ్ తన వంశం జర్మన్ పేరు తీసేసి విండ్సర్ అని పెట్టుకున్నాడు. ఈ రెండూ ఒకే భయం చేసిన పనులని నాకు అనిపిస్తుంది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. లండన్ మాట మీద నిలబడినా, కార్మికుల, సైనికుల ప్రతినిధుల సభ అయిన పెట్రోగ్రాడ్ సోవియట్ జార్ కుటుంబాన్ని కదలనిచ్చేదా? జార్ దేశం దాటబోతున్నాడని తెలియగానే సోవియట్ రైలు కార్మికులను అప్రమత్తం చేసింది, ఆ కుటుంబం నిర్బంధంలో ఉన్న త్సార్‌స్కోయె సెలోకు మనుషులను పంపింది. ఓడ ఎక్కాలంటే ఉత్తరాన మూర్మాన్స్క్ దాకా రైల్లో పోవాలి. పైగా పిల్లలకు తట్టు. ఆ మార్చిలో అవకాశం బహు సన్నగా ఉందన్నది నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఆగస్టులో ఏం జరిగిందో చూడండి. తాత్కాలిక ప్రభుత్వాన్ని అప్పటికి నడుపుతున్న కెరెన్‌స్కీ ఆ కుటుంబాన్నే రైలెక్కించి, జపాన్ రెడ్‌క్రాస్ బృందం అన్న పేరు తగిలించి, సైబీరియాలోని తొబోల్స్క్ దారి పట్టించాడు. సోవియట్ ఉండగానే రైలు కదిలింది. కదలడం అసాధ్యమేమీ కాదు, దాన్ని పడమటికి నడపడానికి అటువైపు తలుపు లేదంతే. ఈ వస్తువు మీద రాసేవాడు మార్చాల్సింది రెండు నిర్ణయాలు, లండన్‌లో ఒకటి, పెట్రోగ్రాడ్‌లో ఒకటి. గుర్రాలతో పనిలేదు.

మరి వారెన్ మాటేమిటి అంటారు కొందరు. 1791 జూన్‌లో ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ పారిస్ నుంచి పారిపోతుంటే సెంట్ మెనెహూల్డ్ దగ్గర ద్రూయె అనే తపాలా గుర్రాల అధికారి పోల్చుకున్నాడు. వారెన్‌లో బండి ఆపేశారు. ఒక మనిషి కంటిచూపు మీద అంతా తిరిగింది కదా! తిరిగింది. ఎందుకంటే ఇంకొంత దూరంలో మాంట్‌మెడీలో జనరల్ బుయే సైన్యం రాజు కోసం సిద్ధంగా ఉంది. ఎదురుచూసేవాడు ఉన్నప్పుడే దారిలోని అదృష్ట దురదృష్టాలకు విలువ. యెకతెరిన్‌బర్గ్ నుంచి పారిపోయి ఏ గుమ్మం తట్టాలి?

దేశం దాటాక ఏమవుతుందన్న చోట ఈ రచనలు మరీ తేలిపోతాయి. జార్ బతికితే విప్లవాన్ని ఎదిరించిన శ్వేత సైన్యాలు ఆయన వెనక నిలిచేవి, బోల్షెవిక్కులు ఓడేవారు అని అల్లేస్తారు. ఈ పరీక్ష చరిత్రే చేసి చూపించింది. జార్‌కు బంధువూ, ఒకప్పటి సర్వసేనానీ అయిన నికొలాయ్ నికొలాయెవిచ్ 1919 ఏప్రిల్ దాకా క్రిమియాలోనే, ప్రాణాలతోనే ఉన్నాడు. శ్వేత నాయకులు ఆయన్ను ముందు నిలబెట్టుకోలేదు. రాజరికమా కాదా అన్నది తేల్చకుండా వాయిదా వేయడమే ఆ నాయకుల్లో ఒకడైన దెనీకిన్ విధానం. చివరికి నికొలాయ్ నికొలాయెవిచ్, జార్ తల్లి మరియా ఫ్యోదరొవ్నా కూడా మార్ల్‌బరో అనే బ్రిటిష్ యుద్ధనౌక ఎక్కి వెళ్లిపోయారు. 1924లో రొమనోవ్ వంశానికే చెందిన కిరిల్ ప్రవాసంలోనే తనను చక్రవర్తిగా ప్రకటించుకుంటే ప్రవాసులే రెండుగా చీలారు. కాబట్టి రొమనోవ్‌లు బతికిన కథలో మారేది రష్యా కాదు, బ్రిటన్. 1926 సార్వత్రిక సమ్మె రోజుల్లో మాజీ జార్ ఇంగ్లండ్ పల్లెలో ఉంటే అయిదో జార్జ్‌కు నిద్ర పట్టేదా? అది నవల!

అత్తకు మీసాలుంటే అన్న తంతు ఇదంతా అని చరిత్రకారుల్లో ఒక వర్గం కొట్టిపారేస్తుంది. ఇ.హెచ్. కార్ దీన్ని కాలక్షేపపు ఆట కింద జమకట్టాడు. గుర్రాల కథలకు ఆ మాట వర్తిస్తుంది. ఒక నిర్ణయాన్ని మార్చి, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచితే మాత్రం ఆ నిర్ణయం బరువెంతో తూచగలం. కల్పనకు సాక్ష్యాల సంకెళ్లెందుకు అనేవారికీ ఇదే జవాబు. ప్రవాసపు సరుకు నిజంలోనే దండిగా ఉంది. 1924 మార్చిలో టర్కీ వెళ్లగొట్టిన ఆఖరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్ ఫ్రాన్స్‌లో నిజాం పంపే నెలభత్యం మీద గడిపాడు. 1931లో నీస్‌లో ఆయన కూతురు దుర్రుషెహ్వార్, బంధువు నిలోఫర్ నిజాం కొడుకులను పెళ్లాడారు. హైదరాబాద్‌లో పిల్లల వైద్యానికి పేరుపడ్డ నిలోఫర్ ఆసుపత్రి పేరు ఆ ప్రవాసం నుంచే వచ్చింది. ఏ కల్పకుడూ ఇంత ధైర్యం చేసి ఉండడు.

రొమనోవ్‌ల మీద కలం పట్టాలనుకునే తెలుగు రచయితలకు ఒక మనవి: నేలమాళిగను వదిలేయండి. 1917 ఏప్రిల్ 6న స్టాంఫర్డమ్ ఆ ఉత్తరం రాయకుండా ఆపి, అక్కడ మొదలుపెట్టండి.