ధూమము – పరిపాకము: 16 ఏండ్ల లాగవూలిన్ విస్కీపై ఒక రుచివిమర్శ

మద్యమును గూర్చిన వ్యాసము సాంస్కృతిక సంచికలో ఏల అని పెద్దలు కొందరు నొచ్చుకొనవచ్చును. మద్యమును గడప దాటనీయని కుటుంబములు మనలో పెక్కు కలవు. ఆ నియమము నాకు గౌరవపాత్రమే. త్రాగుమని చెప్పుట నా ఉద్దేశము కాదు. కాని కావ్యమునకు సైతము పాకమును నిర్ణయించిన మనకు, రుచి నాలుకతో ముగియు వ్యవహారము కాదని వేరుగా చెప్పనక్కరలేదు. దూరదేశపు పానీయ మొకటి వయసును గూర్చియు, పుట్టిననేలను గూర్చియు మనకు కొంత నేర్పగలదని నా నమ్మకము.

స్కాట్లండు పడమటి తీరమున ఐలా అను ద్వీపము కలదు. దాని దక్షిణపు టంచున, పోర్ట్ ఎలెన్ గ్రామమునుండి తూర్పుగా పోవు ఒకే బాటపై లఫ్రోయిగ్, లాగవూలిన్, ఆర్డ్‌బెగ్ అను మూడు బట్టీలు సముద్రమునకు ఎదురుగా వరుసగా నిలిచియున్నవి. లాగవూలిన్ 1816 నాటిది. ఆ ద్వీపమున చెట్లు తక్కువ. వేల యేండ్లుగా నాచులు, పొదలు చివికి పేరుకొన్న పీటు అను నల్లని మన్నే అచటి పాతకాలపు వంటచెరకు. మొలకెత్తిన బార్లీని ఈ పీటు పొగపై ఆరబెట్టుదురు. ఆ పొగలోని ఫినాల్ అను పదార్థములు గింజను అంటుకొని, పులియబెట్టినను, రెండుమారులు కాచి దించినను వదలక సీసాదాక వచ్చును. లాగవూలిన్ వాడు మాల్టులో అవి పదిలక్షలకు సుమారు 35 పాళ్లు. ఒక విశేషము గమనింపవలెను. గింజ చాలవరకు ద్వీపమునకు వెలుపలిది. పీపాలు చాలవరకు అమెరికాలో బర్బన్ పోసి వాడిన ఓక్ కొయ్యవి. ద్వీపపు సొంతమని చెప్పదగినవి నీరు, పొగ మాత్రమే.

ఇటీవల బెంగుళూరులో ఒక మిత్రుని ఇంట ఈ 16 ఏండ్ల విస్కీని నిదానముగా పరీక్షించు అవకాశము కలిగినది. మూతి సన్నని చిన్న గాజుపాత్ర చాలును. మంచుగడ్డ వేయరాదు, చలికి వాసన ముడుచుకొనును. మొదట ముక్కునకు తగిలినది పొగయే. గాయమునకు పూయు టింక్చరు, ఒడ్డున ఎండిన సముద్రపు నాచు స్ఫురించినవి. తొలిసారి వాసన చూచినవాడు గ్లాసును దూరముగా నెట్టినను తప్పుపట్టలేము. కాని కొంత ఓర్చి నాలుగు చుక్కల నీరు కలిపిన పిమ్మట, పావగడలో మా నాయనమ్మ దాలిలో కాచిన పాలు జ్ఞప్తికి వచ్చినవి. పిడకల సెగపై జాములకొలది కాగి ఎర్రబారిన ఆ పాలలో పొగ ఉండెడిది. అది పాలను చెరచిన పొగ కాదు, మీగడలో ఇమిడిన పొగ. ఇచటను అంతే. పొగ వెనుక ఎండుద్రాక్ష, ఖర్జూరము, కాచిన బెల్లపు తీపి. దాని వెనుక కొంచెము ఉప్పదనము. మ్రింగిన పిమ్మట చల్లారిన పొయ్యి బూడిదవంటి పొడిదనము చాలసేపు నిలుచును. మన ఆలంకారికుల మాటలో ఇది ద్రాక్షాపాకము కాదు, నారికేళపాకము: పెంకు పగులగొట్టినవానికే లోపలి తీపి దక్కును.

ఈ తీపికి వయసే కారణమా? 2016లో ద్విశతాబ్ది సందర్భమున అదే బట్టీ 8 ఏండ్ల విస్కీని నూటికి 48 పాళ్ల ఆల్కహాలుతో వెలువరించినది. రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచి చూచిన తేడా తెలియును. చిన్నదానిలో పొగ మంటవలె సూటిగా లేచును. పెద్దదానిలో అదే పొగ లోనికి వచ్చి కూర్చున్నట్లుండును. వయసు పొగను పెంచునని పలువురి భ్రమ. నిజమునకు ఏండ్లు గడచినకొలది పొగ తగ్గును, కొయ్యరుచి పెరుగును. స్కాట్లండు చట్టము ప్రకారము విస్కీ ఓక్ పీపాలో మూడేండ్లకు తక్కువ కాకుండ ఉండవలెను. సీసాపై అంకె అందు కలిసినవానిలో అన్నిటికంటె పిన్నదాని వయసు. ఆ అంకె గొప్పతనమునకు కొలత కాదు. పొగయు కొయ్యయు ఒకదాని నొకటి మ్రింగక నిలిచిన వేళను పట్టుకొనుటలోనే ఔచిత్యము కలదు. లాగవూలిన్ ఆ వేళను 16వ ఏట పట్టుకొన్నది.

లోపములు లేవని కాదు. దీనిని 43 పాళ్లకు పలుచన చేయుటవలన నడిమి రుచి కొంత వదులైనది. చిన్నదాని నిండుదనము దీనికిని ఉన్నచో ఎంత బాగుండెడిది! చట్టము అనుమతించినదే యైనను, కారమెల్ రంగు చేర్చుట నాకు నచ్చదు. వయసును నాలుక చెప్పవలెను గాని రంగు చెప్పరాదు.

అంకె ఎంత మోసకారియో తెలియుటకు బెంగుళూరువారమైన మనకు ఇంటిచెంతనే నిదర్శనము కలదు. 1948లో ఇచట స్థాపితమైన అమృత్ డిస్టిలరీస్ 2004లో తన సింగిల్ మాల్టును గ్లాస్గో నగరమున విడుదల చేసినది. 2009 నాటి వారి ఫ్యూజన్‌లో మనదేశపు బార్లీతో పాటు పీటు పొగ పట్టిన స్కాట్లండు బార్లీయు కలదు. స్కాట్లండులో పీపానుండి ఏటా నూటికి సుమారు 2 పాళ్లు ఆవిరియగును; దానిని వారు దేవదూతల వాటా అందురు. బెంగుళూరు వేడికి అది 10 నుండి 12 పాళ్లు. ఆ లెక్కన 16 ఏండ్లకు అచట 70 పాళ్లకు పైగా మిగులును. ఇచట 20 కూడ మిగలవు. కావున ఇచటి విస్కీ నాలుగైదేండ్లకే పండును. దానిని పిన్నవయసుదని తూలనాడుట విమర్శ కాదు. అయినను ఒక్క మాట చెప్పక తప్పదు: ఫ్యూజన్‌లో పొగ అతిథివలె వచ్చి పోవును, లాగవూలిన్‌లో అది ఇంటి యజమాని.

ఇది వ్రాయుచుండగా మన సంగతియే మనసున మెదలినది. గింజ ఒకచోటిది, కొయ్య మరొకచోటిది. ఐలా పేరు నిలిపినది పొగ. మనమును కన్నడనేల పీపాలో తరతరములుగా పండినవారమే. మన తెలుగులో ఆ కొయ్యరుచి దిగినదని సిగ్గుపడనక్కరలేదు. అది మన పరిపాకము. భయపడవలసినది వేరొకటి: ఇంకను ఉపేక్షించినచో కొయ్యయే మిగిలి పొగ మాయమగును. నా మనుమరాలికి దాలి అను మాట తెలియదు. కలము ప్రక్కనబెట్టి, ఆమెకు ఆ మాట చెప్పుటకై లేచుచున్నాను.