నడుముకు కట్టిన మగ్గం

డిజైన్ కోర్సు చదువుతున్న మా అన్నయ్య కూతురు గ్వాటెమాలా వెళ్తానంటోంది. మాయా మహిళల నేత సంఘంలో మూడు నెలల ఇంటర్న్‌షిప్. "వాళ్లకి కొత్త డిజైన్లు ఇచ్చి వస్తా బాబాయ్" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. కూర్చోబెట్టి ముందు అక్కడి మగ్గం సంగతి చెప్పాను.

దానికి చట్రం లేదు, గుంట లేదు. కొన్ని కర్రలు, ఒక తాడు, ఒక పట్టీ, అంతే. పడుగు ఒక కొసని చెట్టుకో స్తంభానికో కడతారు. రెండో కొసకున్న పట్టీని నేసే ఆమె తన నడుం చుట్టూ వేసుకుంటుంది. మోకాళ్ల మీద కూర్చుని వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. బిగువంతా ఆమె నడుముదే. పేక దూర్చి, కత్తిలాంటి చెక్కతో కొట్టి దగ్గరికి చేరుస్తుంది. బుటా దారాలు వేళ్లతోనే ఎక్కిస్తుంది. నూలుకి బలం రావడానికి మొక్కజొన్న గంజి పెట్టడమూ ఉంది. నిండా పనితనం ఉన్న విపీల్, అంటే వాళ్ల రవిక, పూర్తవడానికి నెలలు పడుతుంది. మధ్యలో పిల్ల ఏడిస్తే మగ్గం చుట్టచుట్టి లేవాల్సిందే.

1960 నుంచి 1996 దాకా గ్వాటెమాలాలో సాగిన అంతర్యుద్ధంలో రెండు లక్షల మందికి పైగా చనిపోయారు, లేదా జాడ లేకుండా పోయారు. వాళ్లలో ఎక్కువమంది మాయాలే. భర్తల్ని పోగొట్టుకున్న ఎందరికో ఈ నేతే కూడు పెట్టింది. కెట్సాల్తెనాంగోలో 1988లో మొదలైన ‘త్రామా’ సంఘం అలా పుట్టిందే. స్పానిష్‌లో త్రామా అంటే పేక. విదేశాల నుంచి వలంటీర్లు వచ్చి సాయం చేసే చోటు అది.

ఏ ఊరి విపీల్ ఆ ఊరిదే. నేత చూసి ఊరు చెప్పేవాళ్లున్నారు. ఆ డిజైన్లని వ్యాపారులు ఎత్తుకుపోతున్నారని, వాటి మీద హక్కు తమ సమాజాలదేనని నేతగత్తెలు 2016లో రాజ్యాంగ న్యాయస్థానం గడప తొక్కారు. అలాంటి వాళ్లకి మనం డిజైన్లు ఇస్తామనడం తప్పు. వాళ్లకి కావలసింది కష్టానికి తగ్గ ధర, ఆర్డర్లకి జవాబు రాసే మనిషి, సరైన లెక్క.

మన చిటికి పనిలాగే దారాన్ని ముందు కట్టి రంగులద్దే పద్ధతి అక్కడా ఉంది, హాస్పే అంటారు. మన వైపు ఆ పనికి ఆసు పోయాలి, అంటే దారాన్ని మేకుల చుట్టూ చుట్టాలి. ఒక్క చీరకే వేలసార్లు చెయ్యి తిప్పాలి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తల్లి భుజాల నొప్పి చూడలేక 1999లో ఆ పని చేసే లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. డిజైన్ జోలికి పోలేదు, నొప్పి ఎక్కడుందో చూశారు. పక్కన కూర్చుని చూసినవాడికే అది కనపడుతుంది.

"స్పానిష్ నేర్చుకో తల్లీ" అన్నాను. "అదీ అక్కడ చాలామంది పెద్దవాళ్లకి రెండో భాషే. ఇంట్లో కిచే, కక్చికెల్, మామ్ లాంటివి మాట్లాడతారు. మొదటి వారం పట్టీ కట్టుకుని వాళ్ల దగ్గర నేర్చుకో. నేర్పినందుకు డబ్బు ఇవ్వు."

ఇలాంటి పనికి వెళ్లే విద్యార్థులందరికీ నా విన్నపం ఒక్కటే. ఒక్కో బట్టకి ఎన్ని గంటలు పట్టిందో ఆమెతో కలిసి లెక్క రాయండి. ధర ఆ లెక్క మీదే కట్టండి. ఆమెకి ఇష్టమైతే బట్టకి కట్టే చీటీ మీద ఆమె పేరు, ఊరి పేరు వేయండి.